అట్టలేని పుస్తకంలో నా రెండు పేజీలు

ఆదివారం పొద్దున బండలెక్కాలి. ఆదివారం పొద్దునే ఆబిడ్స్‌లో మూసిన దుకాణాల ముందు పాత పుస్తకాలు పరుస్తారు. ఈ రెండింటినీ ఒకే పూటకి పెట్టినవాడెవడో దొరికితే నాలుగు దులిపేవాణ్ణి. మంచి పుస్తకం దొరకాలంటే తొమ్మిదింటికల్లా ఆబిడ్స్‌లో ఉండాలి. బండ ఎక్కాలంటే ఎండ ముదరకముందే బంజారా హిల్స్ అవతల ఉండాలి. అందుకని మేం ముగ్గురం చీకటి విడుతుండగానే సైకిళ్ళ మీద బయల్దేరి, ఎనిమిది దాకా బండల మీద పాకి, మోచేతులు గీరుకుపోయి, మోకాళ్ళ దగ్గర బట్టలు చిరిగి, అదే అవతారంతో ఆబిడ్స్‌లో వచ్చి పడేవాళ్ళం. పుస్తకాలాయన మమ్మల్ని చూడగానే "ఏంది సాబ్, మళ్ల లడాయి అయ్యిందా?" అని అడిగేవాడు. ఔనంటే ఓ పావుగంట సానుభూతి, కొంచెం తక్కువ ధర.

ఇది అరవైల నడిమి సంగతి. మాది గోదావరి జిల్లా. మా నాన్నది ప్రభుత్వోద్యోగం కాబట్టి, కొత్త రాష్ట్రం ఏర్పడినప్పుడు కర్నూలు నుంచి ఫైళ్ళతో పాటు మమ్మల్నీ హైదరాబాదుకి తరలించారు. మా ఊళ్ళో బండ అంటే బట్టలుతుక్కునేది. ఇక్కడ ఎటు చూసినా ఇంటి కంటే ఎత్తున్న బండలు. చూస్తూ చూస్తూ ఎక్కకుండా ఎలా ఉంటారో నాకర్థమయ్యేది కాదు. పెద్దయ్యాక నాంపల్లిలో గుమాస్తా ఉద్యోగం దొరికింది. స్టేషను వెనక సందులో మేడ మీద గది, కిటికీ తీస్తే రైలింజన్ల మసి. నాకు ఇంగ్లీషు బాగా వచ్చునని కొంచెం పొగరుండేది. కొంచెం అని ఇప్పుడంటున్నాను, అప్పుడు చాలానే ఉండేది.

రెండో మనిషి ఉస్మాన్‌గంజ్‌లో తాళ్ళ కొట్టు ఆయన. నేను అన్నా అని పిలిచేవాణ్ణి, నన్ను తమ్మీ అనేవాడు. నాకంటే పద్ధెనిమిదేళ్ళు పెద్ద. చిన్న బొజ్జ, పెద్ద నవ్వు. తాత కాలం నుంచీ హైదరాబాదులో తాళ్ళమ్మే కుటుంబం. చదివింది ఉర్దూలో. తెలుగు కూడబలుక్కుని, ఒక్కో అక్షరం మీద వేలు పెట్టి చదివేవాడు. ఇంగ్లీషు రాదు. బండలెందుకు ఎక్కుతావన్నా అని అడిగితే, "ఒక గిరాకీ వచ్చిండు తమ్మీ. గీ తాడు మనిషిని మోస్తదా అని అడిగిండు. నాకు తెల్వలే. జర చూసొద్దామని పోయిన" అనేవాడు. చూసొద్దామని పోయినవాడు పదేళ్ళైనా తిరిగి రాలేదన్నమాట.

మూడో మనిషి బషీర్‌బాగ్‌లో ఆడపిల్లల బడిలో సైన్సు చెప్పే ఆవిడ. అందరికీ టీచరమ్మే. బడిలో చీర, బండ మీద సల్వార్ కమీజు, నెత్తికి రుమాలు. మేం ఆయాసపడుతూ మధ్యలో వేలాడుతుంటే పైన కూర్చుని జామకాయ తింటూ, "ఎడమ కాలు జర పైకి పెట్టు. అది కుడి కాలు" అనేది. నిజం చెప్పాలంటే ఎక్కడం వచ్చింది ఆవిడ ఒక్కదానికే. మేమిద్దరం బండలతో గొడవపడేవాళ్ళం.

పుస్తకాలు కొన్నాక నాంపల్లి స్టేషను ఎదుటి ఇరానీ హోటల్లో టీ. అక్కడ మా మధ్య ఒక పద్ధతుండేది. ఫలానా పుస్తకం బాగుంది, చదువు అని ఎవరూ అనకూడదు. అందులోంచి ఏదో ఒక పేజీ తన ఒంటితో చేసి చూపించాలి. అది టీచరమ్మ పెట్టిన చట్టం. "బాగుందని ఎవరైనా అంటరు. చేసినవా, చెప్పు" అనేది. ఓడల్లో పనిచేసేవాళ్ళకి ముడులు నేర్పే పుస్తకం ఒకటి దొరికితే, ఆవిడ ఆ టేబులు కాలికే పదకొండు రకాల ముడులు వేసింది. చివరిది విప్పడం రాక హోటలాయన చాకు తెచ్చాడు. పహిల్వాన్ల తిండి మీద ఉర్దూ పుస్తకం చదివిన అన్న, దాన్ని సిఫారసు చెయ్యడానికి నలభై రోజులు బాదంపప్పు నూరుకుని తాగి, హోటల్ నడిమధ్యలో గుంజీలు తీశాడు. ఎవరో వైద్య విద్యార్థి అమ్ముకున్న పాదం ఎముకల పుస్తకం నా వంతు. వేలి కొసల మీద ఎంతసేపు నిలబడచ్చో చూపించబోయి మూడు కప్పులు పగలగొట్టాను. ఆ తర్వాత మమ్మల్ని వెనక మూల టేబులుకి మార్చారు.

అలాంటి ఒక ఆదివారం అన్న కంటికి అట్టలేని పుస్తకం ఒకటి కనిపించింది. ఇంగ్లీషుది, లావుపాటిది, పేరున్న పేజీ కూడా ఊడిపోయింది. లోపల బొమ్మలున్నాయి. తాడు నడుముకి కట్టుకున్న మనిషి, బండ పగులులో మోచెయ్యి దూర్చిన మనిషి, తాడు ఒంటికి చుట్టుకుని గోడ మీద నడిచినట్టు కిందికి దిగుతున్న మనిషి. అన్న ఆ చివరి బొమ్మ దగ్గర ఆగిపోయాడు.

"తమ్మీ, గిట్ల దిగొచ్చు అంటే ఒంటిబండ ఎక్కొచ్చు గదా!"

ఒంటిబండ సంగతి చెప్పాలి. మేం ఎక్కే బండలన్నిటికీ వెనక వైపు ఏదో ఒక వాలు ఉండేది. ముందు నుంచి ఎక్కి, వెనక నుంచి పిల్లల్లా జారి దిగేవాళ్ళం. ఒంటిబండకి ఆ వాలు లేదు. నాలుగు వైపులా నిలువే. ఎక్కితే దిగే దారి లేక దాన్ని కింద నుంచే చూసి వస్తుండేవాళ్ళం. అన్న మాత్రం పదేళ్ళుగా ప్రతి ఆదివారం దాని దగ్గర సైకిలాపి, మెడ నొప్పెట్టేదాకా చూసేవాడు. ఆయనకి జీవితంలో ఉన్న ఆశ అదొక్కటే అంటే అబద్ధం, కాని మాతో చెప్పుకున్నది అదొక్కటే.

"నేను తెలుగులో రాసిస్తాను అన్నా, మొత్తం పుస్తకం" అన్నాను. అడక్కుండానే అన్నాను. టీచరమ్మ మొదటి సగం అప్పటికప్పుడు తిరగేసి, "ఎక్కుడు దాంక చదివిన. దిగుడు నువ్వు రాసినంక తెలుగులనే చదువుత" అని పుస్తకం నా చేతిలో పెట్టింది.

ఆఫీసులో మధ్యాహ్నం అందరూ క్యారియర్లు విప్పుకునే వేళ నేను నోటుబుక్కు విప్పేవాణ్ణి. దాదాపు ఏడాది పట్టింది. సగం పుస్తకం మంచు గురించే. మంచులో మెట్లు చెక్కడం, మంచులో గుడారం, మంచు కరిచిన వేళ్ళకి చేసే వైద్యం. హైదరాబాదులో ఇదెందుకన్నా, వదిలేద్దాం అంటే అన్న ఒప్పుకోలేదు. "రాసింది రాసినట్టు చెప్పు తమ్మీ. ఆయన గంత కష్టపడి రాసిండు, మనం తీసేసుడేంది?" అన్నాడు. రాసినవాడి మీద అంత గౌరవం నేను మళ్ళీ ఎవరిలోనూ చూడలేదు. నోటుబుక్కులో మంచు గొడ్డలి అనే మాట చదివి బేగం బజారంతా వెతికి, దొరకలేదని నాకు చెప్పడానికి నొచ్చుకున్నాడు కూడా.

తాడుతో దిగే అధ్యాయానికి వచ్చాను. తాడుని కాళ్ళ మధ్య నుంచి వెనక్కి పోనిచ్చి, కుడి తొడ చుట్టూ ముందుకి తెచ్చి, అని ఉంది పేజీ చివర. తిరగేస్తే వాక్యం కలవలేదు. మధ్యలో ఒక కాగితం చిరిగిపోయింది. రెండు పేజీలు లేవు.

అప్పుడు చెయ్యాల్సిన పని ఒకటే. ఇక్కడ కాగితం లేదు అని ఒక ముక్క రాసి ముందుకి పోవడం. నేనది చెయ్యలేదు. అన్న ఆ అధ్యాయం కోసం చిన్నపిల్లాడిలా ఎదురుచూస్తున్నాడు. ప్రతి ఆదివారం "దిగుడు వచ్చిందా?" అని అడుగుతున్నాడు. పైగా నాకు పొగరని చెప్పానుగా. బొమ్మ చూశాను. అది మసక బొమ్మ, తాడు ఎటు పోయిందో సరిగా తెలియదు. ఆలోచించాను. కుడి తొడ చుట్టి వచ్చిన తాడు దగ్గర్లో ఉన్న కుడి భుజం మీదికే పోవాలి, న్యాయంగా అని తేల్చుకున్నాను. రెండు పేజీలు నా సొంతంగా రాసేశాను. ఊపులో ఒక నీతివాక్యం కూడా పడేశాను. "బండకి ఎదురుగా నిలబడి దిగు. వీపు చూపిస్తే బండ అలుగుతుంది" అని. చిరిగిన కాగితం తర్వాత పేజీలో, ఎడమ భుజం మీద మందపాటి గుడ్డ వేసుకోవాలి, లేకపోతే తాడు ఒరుసుకుంటుంది అని అచ్చులో ఉంది. అచ్చు తప్పు అనుకున్నాను. దాన్ని కుడి భుజంగా దిద్ది రాశాను.

ఇన్నేళ్ళ తర్వాత కూడా ఆ దిద్దుబాటు తల్చుకుంటే చెవులు వేడెక్కుతాయి. పుస్తకం రాసినవాడు కొండలెక్కి వచ్చి రాశాడు, నేను పప్పన్నం తిని వచ్చి దిద్దాను.

నోటుబుక్కు పేరు మోగిపోయింది. అప్పటికి ఊళ్ళో బండలెక్కే పిచ్చివాళ్ళు ఇంకో పదిమంది దాకా ఉండేవాళ్ళు, ఎక్కువమంది కాలేజీ కుర్రాళ్ళు. వాళ్ళు హోటల్‌కి వచ్చి కూర్చుని ఎక్సర్‌సైజు పుస్తకాల్లో ఎక్కించుకుపోయారు. ఒకరు ఇంకొకరికి చెప్పారు. అందరికీ నచ్చిన వాక్యం ఏదంటారా? వీపు చూపిస్తే బండ అలుగుతుంది. టీచరమ్మ దాన్ని బడిలో బోర్డు మీద రాసిందట. "ఏం రాసిండు తమ్మీ ఆ తెల్లాయన! మనసుల పడ్డది" అని అన్న మెచ్చుకుంటుంటే నేను టీ ఊదుకుంటూ తల దించుకున్నాను. సిగ్గుతో కాదు, లోపల పొంగిపోయి. మా చట్టం ప్రకారం చేసి చూపించమని నన్నెవరూ అడగలేదు. రాసిపెట్టిన మనిషినే చేసి చూపించమంటారా?

ఆ తర్వాత అన్న రావడం మానేశాడు. ఒక ఆదివారం జలుబన్నాడు. ఇంకో ఆదివారం సరుకు దించాలన్నాడు. ఐదో ఆదివారం కొట్లో పనిచేసే ముసలాయన రిక్షాలో మా గదికి వచ్చి మనిషిని మోసేంత గట్టి మనీలా తాడు చుట్ట దింపి పోయాడు. అన్న కొట్లో మిగతా తాళ్ళు వేరు, అది వేరు. ఒంటిబండ కోసమని కొని, ఎవరికీ అమ్మకుండా దాచుకున్నది. దాంతో పాటు చీటీ. అచ్చేసినట్టు పెద్ద పెద్ద అక్షరాలు, ఒక్కోటీ ఎంతసేపు రాశాడో. "తమ్మీ, నాతోని కాదు. మీరు ఎక్కున్రి."

ఆ సాయంత్రమే సైకిలెక్కి ఉస్మాన్‌గంజ్ వెళ్ళాను. కొట్టు తలుపులు దగ్గరగా వేసి ఉన్నాయి. నెట్టి లోపలికి పోతే, బస్తాలు పైకి లాగే దూలానికి తాడు వేలాడుతోంది. కింద కొబ్బరి తాడు చుట్టలు పరుపులా పేర్చి ఉన్నాయి. గల్లాపెట్టె మీద నా నోటుబుక్కు, ఆ పేజీ దగ్గర తెరిచి. అన్న చొక్కా విప్పి బనీను మీద ఉన్నాడు. కుడి భుజం మీద చర్మం లేచిపోయి పసుపు పట్టించి ఉంది.

"అన్నా, ఇదేంటి?"

"రా, కూసో." నవ్వబోయి ఊరుకున్నాడు. "నెలన్నర సంది చేస్తున్న తమ్మీ. నువ్వు రాసినట్టే చుట్టుకుంటున్న. ఒక్క అక్షరం తప్పుతలేను. అటకెక్కి, తాడు చుట్టుకుని కాలు వదిలిన్నంటే పక్కకు ఒరిగిపోతున్న. గీ బొజ్జతోని కాదు. నలభై ఏండ్లు దాటినంక గిదంతా ఏంది అని ఇంట్ల అంటున్నరు. నిజమే గదా."

నాకు చూపించడానికి మళ్ళీ ఎక్కాడు. వద్దన్నా వినలేదు. తాడు కాళ్ళ మధ్య నుంచి, కుడి తొడ చుట్టి, కుడి భుజం మీదికి. నేను రాసింది రాసినట్టు. కాలు వదిలాడు. తాడంతా ఒక పక్కకే ఉంది కాబట్టి ఎడమ వైపు పట్టు లేక, మనిషి అమాంతం పక్కకి తిరగబడి తాళ్ళ మీద పడ్డాడు. లేచి దులుపుకుని నోటుబుక్కు దగ్గరికి పోయి, వేలు పెట్టి మళ్ళీ ఆ వాక్యం చదవడం మొదలెట్టాడు. అప్పుడు నా కళ్ళ ముందు అచ్చులో ఉన్న ఎడమ భుజం, మందపాటి గుడ్డ కనిపించాయి.

ఆ క్షణంలోనైనా మనిషిలా నిజం చెప్పి ఉండచ్చు. నేను గుమాస్తాని. తప్పు ఒప్పుకోకుండా ఫైలు సర్దడం అలవాటు. "అన్నా, ఓసారి ఎడమ భుజం మీద వేసి చూడు, ఊరికే" అన్నాను.

చూశాడు. తాడు ఛాతీకి అడ్డంగా పోయి ఎడమ భుజం మీద నుంచి వీపు వైపు దిగి, కుడి చేతికి వచ్చింది. కాలు వదిలాడు. కుర్చీలో కూర్చున్నట్టు గాల్లో ఆగాడు. కుడి చెయ్యి వదులు చేస్తే దిగాడు, బిగిస్తే ఆగాడు. కింద రెండు కాళ్ళ మీద నిలబడి, నా వంక చూసి, నోరు తెరిచి నవ్వాడు. అంత సంతోషం ఇచ్చాను కదా, ఇక్కడితో వదిలేస్తే పోలేదా అని నాకు అనిపించిన మాట నిజం.

అన్న నోటుబుక్కు తీసి వేలు పెట్టి చదివాడు. "కుడి అనే ఉన్నది గదా. నువ్వు రాసుకునేటప్పుడు పొరపాటు పడ్డట్టున్నవ్. ఎవరైనా పడ్తరు తీయ్. ఆ పోరగాళ్ళకు గూడా చెప్పాలె."

దారి ఆయనే తెరిచిపెట్టాడు. ఆ అని తలూపితే చాలు. కాని ఆయన ఆ పోరగాళ్ళ మాట ఎత్తాడు. వాళ్ళ కింద కొబ్బరి తాళ్ళ పరుపు ఉండదు. ఇక ఆగలేక మొత్తం కక్కేశాను. కాగితం చిరిగిపోయిందని, రెండు పేజీలు నేనే అల్లానని, అచ్చులో సరిగా ఉన్న దాన్ని కూడా దిద్దానని, బండ అలగడం కూడా నాదేనని. చెబుతూ చెబుతూ ఏడ్చాను. ఇరవై నాలుగేళ్ళ వాణ్ణి, తాళ్ళ కొట్లో నిలబడి ముక్కు తుడుచుకున్నాను.

అన్న తిడతాడనుకున్నాను. తిట్టినా బాగుండేది. నోటుబుక్కు మూసి, చొక్కా తొడుక్కుని, "పోరగాళ్ళకు చెప్పు పో" అన్నాడు.

ఆ వారమంతా సెలవు పెట్టి, సైకిలు మీద బషీర్‌బాగ్ కాలేజీ హాస్టళ్ళు, సందులు, గదులు తిరిగాను. ఒక్కొక్కడి పుస్తకం తీసుకుని ఆ రెండు పేజీలకి అడ్డంగా గీతలు కొట్టి, ఇది నేను కల్పించింది అని సంతకం పెట్టాను. ఒకడు మరునాడే దిగబోతున్నాడట. ఇంకొకడు, "పోనీలెండి సార్, ఆ అలగడం ఒక్కటీ ఉంచండి, బాగుంది" అన్నాడు. దాన్ని ఇంకా గట్టిగా కొట్టేశాను. టీచరమ్మకి చెప్పడం అన్నిటికంటే కష్టమైంది. ఆవిడ విని, "ఆదివారం ఒంటిబండ మీద నుంచి ముందు నువ్వు దిగు" అని లోపలికి పోయింది.

దిగాను. టీచరమ్మ ముందు ఎక్కి, అన్ననీ నన్నూ ఒక్కొక్కరినే పైకి తెచ్చింది. ఒంటిబండ నెత్తిన ఉన్న రెండు చిన్న బండల మధ్య ఇరుకులో తాడు బిగించింది. మనీలా తాడు ఎడమ భుజాన్ని గుడ్డలోంచి కూడా కాల్చింది. నా మోకాళ్ళు కొట్టుకునే చప్పుడు పైకి వినిపించిందని ఆవిడ తర్వాత అందరికీ చెప్పింది. అబద్ధం, అంత లేదు. కింద నేల తగలగానే కూలబడ్డాను.

నా తర్వాత అన్న దిగాడు. తొందరపడలేదు. ఒక్కో అడుగూ బండకి ఆనించి, మధ్యలో ఆగి, పదేళ్ళుగా కింద నుంచి చూసిన చోటులన్నీ పక్క నుంచి చూసుకుంటూ దిగాడు. ఒకచోట బండని అరచేత్తో నిమిరాడు. కిందికి వచ్చాక ముఖమంతా చెమట, కళ్ళు మెరుస్తున్నాయి. వారం రోజులుగా నాతో మాట్లాడని మనిషి ఏమంటాడా అని నేను పక్కన నిలబడి ఉన్నాను.

తాడు ఒంటి మీద నుంచి విప్పుకుంటూ, నా వైపు చూడకుండానే అన్నాడు.

"నెలన్నర నా పెయ్యినే, గీ బొజ్జనే తిట్టుకున్న తమ్మీ. అద్దం ముంగట నిలబడి తిట్టుకున్న. నీ పుస్తకాన్ని ఒక్క మాట అనలే."

ఆయన భుజం మీద ఇంకా మానని చోట చొక్కా అంటుకుపోయి ఉంటే, అది మెల్లగా ఊడదీశాను.